పూస ఊరుకున్న రోజు

ఇప్పుడు అందరి చెవుల్లోనూ పూస అనే చిన్న యంత్రం ఉంటోంది. ఆలోచన వంకర తిరిగితే చాలు, చురుక్కుమని గుచ్చి తప్పెక్కడో గుసగుసగా చెబుతుంది.

డ్రోన్‌తో పొలాలకు మందు కొట్టే భార్గవ్ ఆ ఉదయం పనికి బయల్దేరాడు. గుమ్మం దాటగానే చెల్లెలు లాస్య ఎదురొచ్చింది. భర్త పోయాక ఆమె అన్న ఇంట్లోనే ఉంటోంది. భార్గవ్ గిరుక్కున వెనక్కి తిరిగి, కూర్చుని మంచినీళ్లు తాగాడు.

"ఏంటన్నయ్యా మళ్లీ! నేనెదురొచ్చాక చెడు జరిగిన రోజులే గుర్తుపెట్టుకుంటావని పూస నిన్ను తిడుతుందిగా?"

"ఎప్పుడూ తిట్టేది. ఇవాళ కిక్కురుమనలేదు. అంటే నా భయం నిజమేనన్నమాట. నువ్వు కాసేపు లోపలుండు."

లాస్య లోపలికి వెళ్లింది. వెంటనే తిరిగొచ్చి అరచెయ్యి చాపింది. అందులో పూస ఉంది.

"ఛార్జింగ్ పెట్టి మర్చిపోయావు."

భార్గవ్ చెవి తడుముకున్నాడు. పూస అందుకుని పెట్టుకోబోయి ఆగాడు. ఇన్నాళ్లూ అది తిడితే పనికి వెళ్లాడే గానీ, భయం మాత్రం వదల్లేదు. పూసను జేబులో వేసుకుని లేచాడు.

"మళ్లీ బయల్దేరతాను. ఇంకోసారి ఎదురు రామ్మా."