పక్కనే ఉండే పేరు

ఆ రచయిత పేరు వింటే చాలు, ప్రొఫెసరుగారికి ఒళ్లు మండిపోతుంది.

అడిగిందల్లా రాసిపెట్టే జనరేటివ్ ఏఐ వ్యాపారాల్ని ఎలా మారుస్తోందన్నది ఇప్పుడు అందరూ ఎగబడి పరిశోధిస్తున్న విషయం. అందరికన్నా ముందు అందుకున్నది ప్రొఫెసరుగారే. రెండు సాయంత్రాల్లో వ్యాసం తయారైంది. దాంతో ఆయన దశ తిరిగింది. ఎక్కడెక్కడివాళ్లో తమ వ్యాసాల్లో ఆయన్ని ఉదహరించడం మొదలుపెట్టారు.

కానీ ఎవరి వ్యాసం చివర ఆధారాల జాబితా చూసినా ఆయన పేరు పక్కనే ఆ రచయిత పేరు. ఈయన వ్యాసం, అతని పుస్తకం. జిగురు పెట్టి అంటించినట్టు.

"నా పక్కన చేరి పెద్దమనిషి అయిపోతున్నాడు" అని భార్య దగ్గర పళ్లు నూరారు.

"పోనీ, ఆ పుస్తకంలో ఏముందో చూడకూడదూ?"

"వాడి పుస్తకం నేను ముట్టుకోవడమా?"

ఆవిడ నవ్వుకుంటూ టీవీ పెట్టుకుంది.

అంతలో యూనివర్సిటీలో కొత్త పరిశోధన కేంద్రం వచ్చింది. డైరెక్టర్ కుర్చీ తనదేనని ప్రొఫెసరుగారు గుండె మీద చెయ్యేసుకుని ఉన్నారు. డీన్‌గారు పిలిచి, నసుగుతూ చెప్పారు.

"కమిటీలో కొందరు ఆ రచయితనే పిలుద్దామంటున్నారండీ. ఎంతైనా పుస్తకం రాసినవాడు కదా."

ఆ రోజు ప్రొఫెసరుగారికి అన్నం సయించలేదు. వాడి బండారమేదో బయటపెట్టి తీరాలనుకున్నారు. పుస్తకం కోసం లైబ్రరీలన్నీ గాలించారు. లేదు. ప్రచురణకర్తకి ఫోన్ చేస్తే, అలాంటిది తామెప్పుడూ వెయ్యలేదన్నారు. అతను పాఠాలు చెబుతాడన్న కాలేజీలో ఆ పేరే ఎవరూ వినలేదు.

ప్రొఫెసరుగారి ఆనందం అంతా ఇంతా కాదు. కమిటీ ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"అసలు ఆ మనిషే లేడండీ. పుస్తకమూ లేదు. ఎవడో ఘనుడు లేని పుస్తకం పేరు తన వ్యాసంలో పెట్టాడు. మిగతావాళ్లు తెరిచి చూడకుండా ఎక్కించుకున్నారు. ఆ మొదటివాణ్ణి పట్టుకుని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి."

"ఒకవేళ మనవాళ్లే అయితే?" అన్నారు డీన్‌గారు.

"నా తోడబుట్టినవాడైనా సరే. రాసుకోండి."

రాసుకున్నారు. అందరూ సంతకాలు పెట్టారు. అందరికన్నా ముందు ప్రొఫెసరుగారు పెట్టారు.

కమిటీలో ఉన్న మేడమ్ అక్కడికక్కడే లాప్‌టాప్ తెరిచి, ఆ పేరున్న వ్యాసాలన్నిటినీ తేదీల వారీగా పేర్చింది. ప్రొఫెసరుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. చాలాకాలం తర్వాత ఆయనకి కడుపులో చల్లగా ఉంది.

ఆవిడ లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది: ఆ పేరు ఈ లోకంలో మొట్టమొదట అచ్చయింది, రెండు సాయంత్రాలు కూర్చుని ఏఐ చేత రాయించి, చివరి పేజీ చూడకుండానే ఆయన పత్రికకి పంపేసిన ఆ వ్యాసంలోనే.