దుర్బోధకులకు ప్రవేశం లేదు

కొత్తగా వచ్చినావిడ తన ముఖంలోకే చూస్తోందని బోక్‌హీకి మొదటి శనివారమే అనిపించింది.

కొరియాలోని గున్సాన్ రేవు దగ్గరున్న ఆ చర్చికి కింది అంతస్తంతా గ్రంథాలయమే. శనివారం ఉదయం అక్కడ కుటుంబ పఠనం. ఆ పేటలో ఎవరైనా రావచ్చు, చర్చి గడప ఎన్నడూ తొక్కనివాళ్లయినా సరే. చెప్పులు బయట విడిచి, వెచ్చటి నేల మీద ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుంటారు. తల్లి ఒక పేజీ, పిల్ల ఒక పేజీ. పుస్తకం అయ్యాక ఉడికించిన చిలగడదుంపలు, బార్లీ టీ.

బోక్‌హీకి యాభై దాటాయి. ఈ సంఘంలోకి వచ్చి రెండేళ్లయింది. పుస్తకాలు సర్దేదీ ఆవిడే, చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకుని కథలు చదివేదీ ఆవిడే. అత్తగారితో పడని కోడళ్లు, భర్త తాగుడుతో వేగలేని ఇల్లాళ్లు ఆవిడ దగ్గరే మనసు విప్పుకునేవారు.

కొత్తావిడ పేరు ఇన్‌యంగ్. భర్త ఓడల మరమ్మతు పనిలో ఉన్నాడు. ఒక్కతే కూతురు, సోల్. ఇన్‌యంగ్ చక్కగా చదివేది. అందరితోనూ ఇట్టే కలిసిపోయింది. కాని చదువుతూ చదువుతూ తలెత్తి బోక్‌హీ వైపు చూసేది.

ఒకరోజు కప్పులు కడుగుతూ, “అక్కా, మిమ్మల్ని ఎక్కడో చూశానండీ,” అంది.

“నాది సంతలో ముఖం తల్లీ. ఎవరికైనా ఎక్కడో చూసినట్టే ఉంటుంది.”

ఇన్‌యంగ్ అంతటితో వదల్లేదు. ఇంతకుముందు ఏ సంఘానికి వెళ్లేవారు, అక్కడ పాస్టరు ఎవరు, ఊరెందుకు మారారు అని వరసపెట్టి అడిగింది. మిగతా తల్లుల్ని కూడా కదుపుతోందని బోక్‌హీ చెవిన పడింది. బైబిలు చదువుకుందాం రమ్మని మిమ్మల్ని ఎవరైనా విడిగా పిలిచారా అని ఆరా తీస్తోందట.

ఆ మాట విన్న దగ్గర్నుంచి బోక్‌హీ ఆవిణ్ని ఓ కంట కనిపెడుతూ వచ్చింది.

చర్చి గుమ్మానికి ‘దుర్బోధకులకు ప్రవేశం లేదు’ అని బోర్డు ఉంది. ఊళ్లో చాలా చర్చిలకు ఉంది. ఊరవతల కొండ మీద, తానే రక్షకుడినని చెప్పుకునే మనిషి ఒకడున్నాడు. తనవాళ్లను మామూలు విశ్వాసుల్లా చర్చిల్లోకి పంపి, ఒక్కొక్క కుటుంబాన్నే లాక్కుపోతాడు. పక్క పేటలో చర్చి అలాగే ఖాళీ అయింది. ఒక తల్లి పాలు మరవని బిడ్డను కూడా వదిలేసి కొండెక్కేసింది.

ఆ తర్వాతి శనివారం సోల్‌కు చెప్పులు తొడుగుతూ ఇన్‌యంగ్ ఏదో కూనిరాగం తీసింది. కీర్తనల పుస్తకంలో లేని రాగం. బోక్‌హీ చేతిలోని పుస్తకాలు జారి కింద పడ్డాయి.

ఆ మధ్యాహ్నమే ఆవిడ, చర్చి నడిపే ఛే పాస్టరు గదికి వెళ్లింది.

“అది కొండ మీద వాళ్లు పాడుకునే పాట, పాస్టరు గారూ.”

“మీకెలా తెలుసమ్మా?”

“మా పాత సంఘం కూలిపోయింది వాళ్ల వల్లే. వాళ్లు ముందు పిల్లలున్న చోటికే వస్తారు. పిల్లల్ని చూసుకుంటే తల్లులు దగ్గరవుతారు కదా. నిలదీసి చూడండి. దొరికిపోతే ఏడుస్తారు. ఎప్పుడో బయటికొచ్చేశామంటారు. ఆ తర్వాత మనలోనే ఎవరి మీదికో నెడతారు.”

పాస్టరు మెతక మనిషి. వారమంతా ఎటూ తేల్చుకోలేకపోయాడు. పక్క పేట చర్చి గుర్తొచ్చి చివరికి శనివారం పఠనం అయ్యాక ఇన్‌యంగ్‌ను పిలిపించాడు.

ఆవిడ అబద్ధమాడలేదు. పెళ్లికి ముందు కొన్నాళ్లు కొండ మీద ఉన్నానని ఒప్పుకుంది. ఒక రాత్రి గోడ దూకి పారిపోయి వచ్చానంది. ఆ పాట ఇప్పటికీ తనకు తెలియకుండానే నోట్లోకి వచ్చేస్తుందని ఏడ్చింది. బోక్‌హీ చెప్పింది చెప్పినట్టే జరుగుతుంటే పాస్టరు ముఖం బిగుసుకుపోయింది.

“పాస్టరు గారూ, నా మాట కాస్త వినండి,” అంటూ ఇన్‌యంగ్ కళ్లు తుడుచుకుంది. “నేను అడిగినవన్నీ ఎందుకడిగానంటే, ఇక్కడ...”

“చాలమ్మా. మా మందను మాకు వదిలెయ్యండి. దేవుడు మిమ్మల్ని కాపాడుగాక.”

గుమ్మం దగ్గర సోల్ ఎదురుచూస్తోంది. సగం చదివిన పుస్తకం చేతిలో ఉంది. ఇంకొక్క వారం ఉంచుకుంటానంది. బోక్‌హీ వంగి, మెల్లగా ఆ పుస్తకం తీసుకుంది. పిల్ల తల నిమిరింది. తక్కిన తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కుని పక్కకు జరిగారు. నిన్నటిదాకా ఇన్‌యంగ్‌తో దుంపలు పంచుకుని తిన్నవాళ్లే.

నెల తిరక్కుండా ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోయిందని తెలిసింది.

ఆ ఆదివారం ఛే పాస్టరు సంఘం ముందు నిలబడి, మన గొర్రెల దొడ్డిని కాచిన కళ్లు ఈ సహోదరివి అన్నాడు. కుటుంబ పఠనం బాధ్యత మొత్తం బోక్‌హీకి అప్పగించాడు. ఇకపై శనివారాలే కాదు, రాలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి కూడా చదివి వినిపిస్తారని చెప్పాడు. తల్లులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బోక్‌హీ తల వంచుకుని కళ్లొత్తుకుంది.

ఆ సాయంత్రమే ఆవిడ బస్సెక్కి కొండ మీదికి వెళ్లి, తెల్లబట్టల్లో కూర్చున్న రక్షకుడి పాదాల ముందు నుదురు నేలకానించి, “తండ్రీ, మనల్ని విడిచి పారిపోయిన ఇన్‌యంగ్‌ను అక్కణ్నుంచి కూడా తరిమేశాను, ఇక ఆ చర్చిలో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఎవరూ లేరు,” అంది.