ఖాళీగా వదలమన్న గడి

ఇంటి ఫోనును కంప్యూటరుకు కలిపే డ్రైవరు ప్రోగ్రాం పాడైతే, ఆ ఉదయం నేనే దాన్ని మళ్ళీ ఎక్కించాను. వచ్చిన కాల్ గురించి తెర మీద ఏయే సంగతులు చూపాలో అడుగుతూ గళ్ళ జాబితా వచ్చింది. మా ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో, ఒక కాల్ సెంటర్‌లో మా ఆయన రోడెల్ చేసే పనే ఇలాంటివి అమర్చడం. చివరి గడి ఖాళీగా వదలమని ఎప్పుడో చెప్పాడు. ఏ కాగితంలోనైనా ఖాళీ వదలడం నాకు చేతకాదు. దానికీ టిక్కు పెట్టాను.

తొమ్మిదిన్నరకు ఫోను మోగలేదు గాని, తెర మీద అక్షరాలు వచ్చాయి: "మీకు వచ్చిన కాల్ ఈ నంబరుకు మళ్ళింది." ఆ నంబరు మా ఆడపడుచు లిగాయాది. మధ్యాహ్నానికి అలాంటివి పదకొండు వచ్చాయి.

ఆవిరి మీద ఉడికించి అమ్మే నా పూటోలకు, ఆ బియ్యప్పిండి కేకులకు, ఏడాదిగా ఫోనులో వచ్చే ఆర్డర్లు తగ్గి, చివరికి ఆగిపోయాయి. బియ్యం మార్చాను, కొబ్బరి మార్చాను.

రోడెల్ రాగానే తెర చూపించాను.

"ఆ గడి ముట్టుకోవద్దన్నానా?"

"అంటే తప్పు గడిదా?"

"అది కాదే. లిగాయాకి మొగుడు లేడు, ముగ్గురు పిల్లలు. మనకి నా జీతముందిగా."

"మరి జనం నోటి రుచులు మారాయన్నావు?"

"నువ్వు రోజూ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలిగా!"

పోయిన ఆదివారమే, నా చేతి రుచి పోయిందని నమ్మి, మా అమ్మ ఇచ్చిన ఆవిరి గిన్నెను, తనూ పూటోలు చేసి అమ్మే లిగాయా చేతిలో పెట్టాను. "వద్దు వదినా" అంటూ ఆమె నన్ను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

నన్ను చూసి జాలిపడిందనుకున్నాను. నేనే ఓదార్చి పంపాను.