మూడో నంబరు సీసా

"ఎవరికి అమ్ముకున్నావు గిరీష్?"

రత్నమాల విసిరిన పేపరు అసిస్టెంటు గిరీష్ టేబుల్ మీద పడింది. హైటెక్ సిటీలో కొత్తగా దిగిన కంపెనీ ఒకటి మూడు సేంద్రియ పదార్థాలు కలిపిన పల్చటి పొరతో, మసక వెలుతురును కూడా పసిగట్టే సెన్సర్ చేసిందట. పేటెంటుకు కూడా పెట్టేశారట. హెడ్డింగు దాటి చదివే ఓపిక ఆమెకు లేకపోయింది.

"నేను చెప్పలేదు మేడమ్. మా యమ్మ మీద ఒట్టు."

"రెండు పదార్థాలు కలిపితే సెన్సరుకు ఎర్ర వెలుగూ ఆకుపచ్చ వెలుగూ దొరుకుతాయని అందరికీ తెలుసు. నీలం కూడా దొరకాలంటే మూడోది కావాలి. మన ల్యాబులో అది నీకూ నాకూ తప్ప ఎవరి చేతికందింది?"

"అదేందో నాకే తెల్దు కదా మేడమ్! మీరు సీసా మీద 'మూడు' అని రాసిచ్చినారు. నేను కలిపినా. అంతే."

"నాలుగు చుక్కలు పట్టుకెళ్లడానికి పేరు తెలియాలా?"

సొంత తమ్ముడిలా చూసుకున్నవాడే వెన్నుపోటు పొడిచాడన్నదే ఆమె బాధ. పొద్దున ఈ హెడ్డింగు చూసి బావురుమంటే భర్త ఉదయ్ భాస్కర్ ఒక్కటే మాట అన్నాడు. "ఇంకెవరు రత్నా, ఆ గిరీషే. ఇవాళే పంపించెయ్."

"రాజీనామా రాయి" అంది.

గిరీష్ కళ్లు తుడుచుకున్నాడు. తన ఉద్యోగం ఊడగొట్టిన వార్త ఏమిటో చూద్దామని పేపరు తిప్పాడు.

"వాళ్ల మూడోది ఏందో లోపల రాసినారు మేడమ్. గోరింటాకంట. కొంచెం చింతపండేసి రుబ్బిన రసమంట."

"చింతపండా?" అంత కోపంలోనూ రత్నమాలకు నవ్వొచ్చింది. "మన సీసాలో ఉన్నది వట్టి ఆకు రసం. చింతపండు వేసేది చేతులు ఎర్రగా పండడానికి..."

గోరింటాకు ఎరుపు వెలిసిపోతున్న తన అరచేతులు చూసుకుంది. ఆషాఢం రాగానే, "నీకోసం" అంటూ ఆకు కోసుకొచ్చి, చింతపండు వేసి మిక్సీలో రుబ్బి పెట్టింది ఉదయ్ భాస్కర్. "నా మూడో సీసాలో ఉన్నదీ ఇదేనండీ" అని మురిసిపోతూ చెప్పింది తనే.

టేబుల్ మీద ఆమె ఫోన్ మోగింది. గిరీష్ తీసి ఆమెకందించాడు.

"రత్నా" అన్నాడు ఉదయ్ భాస్కర్, "ఆ గిరీష్‌ని పంపించేశావా?"