అవతలి గోడ దగ్గర

"పొద్దు గూకేలోగా ఆ అవతలి గోడ దగ్గర నేల వేడెక్కకపోతే పగలగొట్టించేస్తా మల్సున్! నేల కింద వేసే వేణ్ణీళ్ల గొట్టాలు బయట లారీలో సిద్ధంగా ఉన్నాయి. తర్వాత నన్ననకు," అన్నాడు ఊరిపెద్ద ప్యో, గడప బయట చెప్పులు విడుస్తూ.

"అననులే," అంది మల్సున్. గోళ్లలో ఇంకా మట్టి పోలేదు.

ముసలివాళ్లు కూచునే ఊరి సావడి అది. బయట మోకాలి లోతు మంచు. పదిహేను రోజులు ఒక్కతే నడుం వంచి, బయటి పొయ్యి వేడిపొగ నేల కిందుగా పారి గది కాగేలా దారులు కట్టింది, వాటి మీద బండలు పరిచింది. సన్నమంట మీద ఆరబెట్టి, ఇవాళ తెల్లారకుండానే అసలు మంట వేసింది. చుట్టుపక్కల ఏడూళ్లలో ఆడమనిషి చేతుల మీద లేచిన మొదటి నేల. నిలిచిందా, మల్సున్ మేస్త్రీ. లేదా, జన్మంతా మేస్త్రీ కూతురే.

పొయ్యి వైపు పెద్దల చోట్లో కూచున్న దల్‌రే అవ్వ కాళ్లు బారజాపింది. "అమ్మయ్యో, ఎంత హాయిగా ఉందర్రా! ఎముకల్లోకి ఎక్కుతోంది వెచ్చదనం. ఆ గాలి ఊదే హీటరు ముందు కూచుంటే మొహం మాడేది, కాళ్లు మాత్రం మంచుగడ్డలే."

"పొయ్యి పక్కన ఎవడు వేసినా కాలుద్దవ్వా," అన్నాడు ప్యో. "పనితనం అవతలి గోడ దగ్గర కదా తేలేది! గొట్టాలేస్తే ఆ మూలా ఈ మూలా ఒకటే వేడి."

"నా బండలూ అంతే. పొయ్యి దగ్గర మందంవి, పోనుపోను పల్చటివి వేశాను. మంట ఆరిపోయినా రేపు ఈపాటికి కూడా వెచ్చగానే ఉంటాయి. నీ గొట్టాలుంటాయా?"

"నోరు బానే ఉంది. తీర్పు మాత్రం మీ నాన్నది!"

మల్సున్ భయం కూడా అదే. మోకాళ్లు అరిగి మేస్త్రీపని మానేసిన ఆమె తండ్రి తాక్ చిల్‌బోక్, ఆడది బండ పరిస్తే గదినిండా పొగే అని ఊరంతా చాటిన మనిషి. ఈ పదిహేను రోజుల్లో ఒక్కసారైనా ఇటు తొంగి చూడలేదు.

"ఏమన్నా తిన్నావే పిల్లా?" అంది అవ్వ.

"తేలాక తింటానవ్వా."

"మీ నాన్న పనికెళ్తే, వచ్చేదాకా మీ అమ్మ పొయ్యి వైపు నేల మీద ఇత్తడి గిన్నెలో అన్నం చల్లారకుండా కప్పి ఉంచేది. గుర్తుందా?"

"ఎందుకు లేదూ! అది మేస్త్రీకి. మాకెప్పుడూ చల్లన్నమే," అని నవ్వేసింది మల్సున్. నవ్వు పూర్తిగా రాలేదు.

మధ్యాహ్నానికి చిల్‌బోక్ కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాడు. చంకలో ఇంత లావు బొంత చుట్ట.

ప్యో పగలబడి నవ్వాడు. "చూడండర్రా, బొంత తెచ్చుకున్నాడు! కూతురి పని మీద ఎంత నమ్మకమో!"

సావడంతా గొల్లున నవ్వింది. మల్సున్ చెవులు ఎర్రబడ్డాయి. కన్నతండ్రే ఇలా చేస్తే ఇంక ఊరిని ఏమనాలి?

"ఇటు రావయ్యా, పెద్దవాడివి, వెచ్చగా కూచో," అని అవ్వ పిలిచినా ఆయన ఆగలేదు. నేరుగా అవతలి గోడ దగ్గరికెళ్లి చతికిలబడి, బొంత ఒళ్లో పరుచుకున్నాడు. నేల తడిమి చూద్దామని వంగిన ప్యో చేతి మీద కర్రతో ఒక్కటిచ్చాడు.

"తీర్పు నాదన్నావుగా? నేను చెప్పేదాకా ఈ గోడ వైపు ఎవరూ రావద్దు."

మల్సున్ బయటి పొయ్యి దగ్గరికెళ్లి కట్టెలు ఎగదోస్తూ కూచుంది. లోపలికి వచ్చిన ప్రతిసారీ తండ్రినే చూసింది. ముందు నడుం దాకా ఉన్న బొంత కాసేపటికి గుండెల దాకా లాక్కున్నాడు. చలే అయ్యుంటుంది. ఎక్కడ పొరపాటు చేశాను దేవుడా, అనుకుంది. తొమ్మిదో వరస బండ కొంచెం ఎత్తైందా? పొగగొట్టం వైపు సందు ఇరుకైందా?

కొండ మీద ఎండ పోయింది. గొట్టాలవాడు సమ్మెట పుచ్చుకుని గుమ్మంలోకొచ్చాడు.

"ఇంకేం తీర్పు బాబాయ్, కళ్లకి కనిపిస్తూనే ఉందిగా!" అన్నాడు ప్యో. "బొంతలో ముడుచుకుపోయావు. పగలగొట్టించనా?"

చిల్‌బోక్ అతని వంక చూడలేదు. "ఒసే, ఇలా రా," అన్నాడు.

మల్సున్ వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూచుంది. ఇంకేముంది, అయిపోయింది. తలెత్తలేదు.

చిల్‌బోక్ బొంత పక్కకి లాగాడు. లోపల ఆయన మేజోళ్లు విప్పేసి వట్టి కాళ్లతో కూచున్నాడు. ఆ కాళ్ల మధ్య, నేలకి ఆనించి, మూత పెట్టిన ఇత్తడి గిన్నె. పొద్దున వండి, బొంతలో చుట్టి తెచ్చిన అన్నం. మూత తీస్తే సన్నగా ఆవిరి లేచింది. ప్యో గబుక్కున నేల మీద అరచెయ్యి పెట్టి, అలాగే ఉంచేశాడు. గొట్టాలవాడు సమ్మెట గోడకి ఆనించి తనూ చేతులు కాచుకున్నాడు.

ముసలాయన గిన్నె రెండు చేతులా ఎత్తి కూతురి ముందు పెట్టాడు.

"చల్లారకముందే తినండి, మేస్త్రీ గారూ."