మంచులో ఆదెయ్య

“పన్ను పెరిగింది అణా అంట. నువ్వు మూడణాలు పెంచినావేంది?” ఖాళీ సీసాను బల్ల మీద ఠంగున పెట్టి అడిగాడు పోలేరయ్య.

కిరసనాయిలు కొట్టు ముత్యాలయ్య తల ఎత్తలేదు. విడవలూరుకు తూర్పున, సముద్రపొడ్డున ఉన్న ఆ పాళెంలో కొట్టు అదొక్కటే. చదువొచ్చినవాడూ ఆయనొక్కడే. అందుకే పోస్టుమాను ఊరి ఉత్తరాలన్నీ ఆ కొట్లోనే ఇచ్చిపోతాడు. అది అరవై మూడు, మార్చి నెల. చైనా యుద్ధం తర్వాత వచ్చిన బడ్జెట్టులో కిరసనాయిలు మీద పన్ను పెంచి పదిరోజులైంది.

“దేశం కోసం రా,” అన్నాడు ముత్యాలయ్య.

“దేశానికి అణా. మిగతా రెండణాలు ఎవరికి?”

వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా అరిచారు. ఎవరో డబ్బాను కాలితో తన్నారు. ముత్యాలయ్య లేచి నిలబడి కేకేశాడు.

“చెంచమ్మక్కా, ఇట్లా రా! నీ కొడుకు దగ్గర్నించి జాబొచ్చింది.”

చెంచమ్మ ఎండుచేపల గంప దించేసి పరుగున వచ్చింది. ఆదెయ్య ఆమెకు ఒక్కడే కొడుకు. పటాలంలో చేరి రెండేళ్లయింది.

ముత్యాలయ్య కాగితం విప్పి అందరికీ వినబడేట్టు చదివాడు. “అమ్మా, ఇక్కడ మోకాటిలోతు మంచు. మాకు కోట్లు, బూట్లు చాలడం లేదు. మీరు కట్టే పన్నుతోనే అవి వస్తాయంట. మనోళ్లని సణక్కుండా కట్టమని చెప్పు.”

అరుపులు ఆగిపోయాయి. చెంచమ్మ కళ్లు తుడుచుకుని పోలేరయ్య వైపు తిరిగింది.

“నీ బిడ్డ మంచులో నిలబడుంటే ఈ రెండణాలు అడుగుతావా నువ్వు?”

పోలేరయ్య చిల్లర తీసి బల్ల మీద పెట్టాడు. అతని వెనక ఒక్కొక్కరే పెట్టారు. చివరికి చెంచమ్మ కొంగుముడి విప్పి మూడణాలు ఇచ్చింది.

“సీసా ఏదక్కా?”

“నూనె నాకొద్దులే అన్నా. పొద్దుండంగానే తిని పడుకుంటా. పన్ను మాత్రం తీసుకో. నా బిడ్డకి చేరితే చాలు.”

ముత్యాలయ్య ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాపి తీసుకున్నాడు.

“మళ్లీ ఎప్పుడు రాస్తాడో?”

“సరుకు బండి వచ్చేనాటికి రాస్తాడులే.”

“ఆ జాబు ఒక్కసారి ఇయ్యన్నా, కళ్లకద్దుకుంటా.”

ముత్యాలయ్య కాగితం చివర వదలకుండా పట్టుకునే ముందుకు చాపాడు. ఆమె దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని, ముద్దుపెట్టుకుంది.

ఆదెయ్య చనిపోయాడని నాలుగు నెలల కింద వచ్చిన టెలిగ్రాము అది.