రాజుగారి చంక కింద కుట్టు

ఆసియా ఖండంలో ఎవరు ఏ మూల కొత్త సిరీస్ తీసినా, దాని వాసన ముందు పట్టేది మన టైలరు తాతయ్యే. ఆ మాట ఇంట్లో ఇంకెవరూ అనకపోవడంతో ఆయనే అంటూండేవాడు.

"పోయిన సెలవుల్లో మీరు పట్టిన వాసనకి ఇల్లంతా నిద్రపోయింది, కుక్కతో సహా," అంది బామ్మ. "ఈసారీ అంతే అయితే రిమోట్ నాది. సెలవులయ్యేదాకా నేను పెట్టిందే చూడాలి."

"అలాగే," అన్నాడు తాతయ్య, లేని మీసం దువ్వుకుంటూ.

ఈసారి ఆయన పట్టుకొచ్చింది ఏదో దూరదేశపు రాజుల కథ. అందులో మనుషులు మెల్లగా నడుస్తున్నారు, అంతకన్నా మెల్లగా టీ తాగుతున్నారు. మొదటి భాగం సగం కాకుండానే కోడలు ఆవలించింది. బామ్మ రిమోట్ కోసం చెయ్యి చాపింది. తాతయ్య చటుక్కున బొమ్మ ఆపాడు.

"చూశారా, రాజు చంక కింద ఆ కుట్టు? ముప్పై ఏళ్లు మిషన్ తొక్కినవాణ్ణి, నాకు తెలీదా, అది మిషన్ కుట్టు. కత్తులతో నరుక్కునే కాలంలో మిషన్ ఎక్కడిది? వీడు దొంగరాజు. మన కాలం నుంచి వెళ్లి అక్కడ దూరాడు. చివర్లో బయటపడతాడు, చూస్తూండండి."

కోడలి నిద్ర ఎగిరిపోయింది. మనవరాలు టీవీ దగ్గరికి జరిగి కూచుంది.

"తాతయ్యా, రాణి అంగీ చేతి అంచు కూడా మిషనే."

"మరి పెళ్లాన్ని వదిలేసి వెళ్తాడా?"

"సేనాపతిది కూడా, మామయ్యా," అంది కోడలు.

"బావమరిది అయ్యుంటాడు."

"మరి ఆ గుర్రం మీద కప్పిన గుడ్డ?"

"అదీ మన కాలపు గుర్రమేనమ్మా."

ఇక ఇంటిల్లిపాదికీ కుట్లు వెతకడమే పని. ఎవరు ఎవర్ని పొడిచారో, ఎవరు ఎందుకు ఏడ్చారో ఒక్కరూ పట్టించుకోలేదు. ఆఖరి భాగంలో రాజు నిక్షేపంగా, అసలు సిసలు రాజుగానే కన్నుమూశాడు.

అందరూ తాతయ్య వైపు తిరిగారు. తాతయ్య లేచి, బహుమతి ఇస్తున్నంత దర్జాగా రిమోట్ తీసుకెళ్లి బామ్మ చేతిలో పెట్టాడు.

బామ్మ మళ్లీ మొదటి భాగం నొక్కింది.

"అదేమిటే, ఇదేనా?"

"ఇంతసేపూ చంకలే చూశాం కదండీ. ఈసారి మొహాలు చూద్దాం."

మొదట్లో ఆసియా ఖండం అన్నది, టేపు కాస్త వదులుగా పట్టి తీసిన కొలత. దాన్ని వదిలేయండి. నేను కల్పించింది మాత్రం ఆ గుర్రం ఒక్కటే. అసలది ఏనుగు. చెబితే నమ్మరని తగ్గించాను.